వస్తాం మరి

రావమ్మ టీచరు రిటైరై తొమ్మిదేళ్ళయింది. అయినా ఇప్పటికీ తిరువూరు రోడ్ల మీద ఆవిడ స్కూటీ కనబడితే, టీకొట్టు బల్లల మీద కూర్చున్న నడివయసు మగాళ్ళు సిగరెట్టు వెనక్కి దాచేస్తారు. ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పింది. సంధులు, సమాసాలు, ఏకవచనం, బహువచనం... ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆవిడ దిద్దినవే.

ఇప్పుడు అరవై ఏడు. మోకాళ్ళు అరిగాయి. రాత్రి నిద్ర రెండు ముక్కలుగా వస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవమంటే ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. కానీ లేవక తప్పదు. మనవరాలు పరుగెత్తాలి.

రుచిత ఆవిడ కూతురి కూతురు. ఇరవై రెండేళ్ళు. కానిస్టేబులు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది పరుగు. పదహారు వందల మీటర్లు పది నిమిషాల ముప్పై సెకన్లలో పరుగెత్తాలి. క్రితంసారి పది నిమిషాల నలభై ఒకటి పట్టింది. పదకొండు సెకన్లు. మనం చెప్పులేసుకుని గడప దాటేలోపు అయిపోయే కాలం. ఆ పదకొండు సెకన్ల కోసం ఆ పిల్ల మళ్ళీ మొదటి నుంచి చదివింది, మళ్ళీ రాసింది. "ఈసారి కూడా కాకపోతే వచ్చి ఎరువుల కొట్లో కూర్చో, బిల్లులు రాద్దువుగాని" అని వాళ్ళ నాన్న తేల్చేశాడు. అందుకని మూటాముల్లే సర్దుకుని అమ్మమ్మ దగ్గరికొచ్చి పడింది.

ఊళ్ళో కాలేజీ గ్రౌండు ఉంది. కానీ పొద్దున్నే అక్కడ క్రికెట్టు వాళ్ళ గోల. అందుకని ఇద్దరూ స్కూటీ మీద ఊరు దాటి, వినగడప వైపు చీలే చిన్న రోడ్డు పట్టేవారు. మలుపులో జోజమ్మ టీకొట్టు. పక్కనే మామిడితోట గేటు. ఆ గేటు దగ్గర నుంచి వాగు మీది చప్టా దాకా స్కూటీ మీటరులో సరిగ్గా ఒకటీ పాయింటు ఆరు.

చప్టా అంటే వంతెన కాదు. వంతెన కింద నుంచి నీళ్ళు పోతాయి. చప్టా మీద నుంచి పోతాయి. వాగుకి అడ్డంగా పోసిన సిమెంటు దారి, అంతే. వానాకాలంలో మునిగిపోతుంది. చలికాలంలో తూముల్లోంచి సన్నగా నీరు జారి, కింద మడుగు కడుతుంది.

పద్ధతి ఏమిటంటే, రుచిత గేటు దగ్గర దిగిపోయేది. రావమ్మ స్కూటీ మీద ముందుగా చప్టా దగ్గరికి వెళ్ళి, బడినాటి ఈల మెళ్ళో వేసుకుని, స్టాపువాచీ పట్టుకుని నిలబడేది. రుచిత ఫోను చేసి "ఒకటి, రెండు, మూడు" అనగానే ఈవిడ మీట నొక్కేది. ఇక పది నిమిషాలూ ఎదురుచూపే. పొగమంచులోంచి ముందు బూట్ల చప్పుడు, తర్వాత ఆయాసం, ఆఖరికి పిల్ల.

డిసెంబరు నెల. ఆ రోజు మంచు మరీ దట్టంగా ఉంది. స్కూటీ లైటు వేస్తే తెల్లటి గోడ తప్ప రోడ్డు కనబడటం లేదు. తడిసిన పత్తికట్టె వాసన, ఎక్కడో కాలుతున్న గడ్డి వాసన. వాటి కింద ఇంకో వాసన. చాలాకాలం మూత తీయని బావి దగ్గర వస్తుందే, అలాంటిది.

"ఒకటి, రెండు, మూడు" అంది ఫోనులో రుచిత. రావమ్మ మీట నొక్కి, స్వెట్టరు మెడదాకా లాక్కుని, మోకాలు రుద్దుకుంటూ నిలబడింది. తూముల్లో నీళ్ళు గొణుగుతున్నాయి.

"రావమ్మా..."

మెల్లగా. బతిమాలుతున్నట్టు.

రావమ్మ భయపడలేదు. ఆశ్చర్యపోయింది. ఊళ్ళో ఆవిడ అందరికీ టీచరుగారే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. పాత పరిచయమేదో అనుకుంది.

"ఎవరూ?"

చప్టా అంచున, దారి పక్కన పాతిన రాయి మీద ఒకావిడ కూర్చుని ఉంది. నీలం చీర, తల మీదుగా కొంగు. కాళ్ళు వాగు వైపు వేలాడేసుకుంది. మొహం కనబడలేదు.

"నా దగ్గర చదివావా ఏమ్మా? చీకట్లో ఆనవాలు పట్టలేకపోతున్నా. ఇంత పొద్దున్నే ఇక్కడేం చేస్తున్నావు? ఆటో కోసమా?"

"ఎదురు చూస్తన్నా."

"ఎవరి కోసం?"

"వస్తామన్నారు."

"ఈ మంచులో ఆటోవాళ్ళు ఎక్కడొస్తారు తల్లీ. కాస్త తెల్లారనీ. జోజమ్మ కొట్టు దాకా వెళ్ళి వేడిగా టీ తాగు, పోనీ."

అంతలో బూట్ల చప్పుడు వినిపించింది. రుచిత మంచును చీల్చుకుని వచ్చి, చప్టా మొదట్లో గీసిన సుద్దగీత దాటి, నడుం మీద చేతులేసుకుని వంగిపోయింది.

"ఎంత అమ్మమ్మా?"

"పది ముప్పై ఆరు."

"ఛ!"

"ఛ అనకు. నిన్నటికన్నా మూడు సెకన్లు తగ్గింది. ఎక్కు, చెమట ఆరితే జలుబు చేస్తుంది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనలో ఎవరి దగ్గరైనా సెలవు తీసుకునేటప్పుడు "వెళ్తాను" అనం. అనకూడదు. "వస్తాను" అంటాం. పోతూ పోతూ వస్తానంటాం, వినేవాళ్ళూ దాన్ని పోవడంగానే అర్థం చేసుకుంటారు. ఈ మర్యాద రావమ్మ ఎన్ని వందల మంది పిల్లలకి నేర్పిందో లెక్కలేదు. స్కూటీ తిప్పుకుంటూ, ఆ కూర్చున్నావిడ కేసి చూసి, అలవాటుగా అంది.

"సరేనమ్మా, వస్తాం మరి."

ఆవిడ తల కొంచెం ఎత్తింది.

"ఇద్దరూనా?"

రావమ్మకి నవ్వొచ్చింది. "ఇద్దరమేగా ఉన్నాం. ఇద్దరమూనమ్మా" అని బండి కదిలించింది.

కొంతదూరం వచ్చాక రుచిత భుజం మీద గడ్డం ఆనించి అడిగింది.

"ఎవరితో అమ్మమ్మా మాట్లాడావు?"

"ఆ రాయి మీద కూర్చున్నావిడతో."

"నాకెవరూ కనబడలేదే."

"నీకు స్టాపువాచీ తప్ప ఏం కనబడుతుందిలే."

*

మర్నాడు చప్టా దగ్గర ఎవరూ లేరు. రుచితకి పది నిమిషాల యాభై రెండు పట్టింది.

ఆ తర్వాతి రోజు పదకొండు దాటింది. ఆ మర్నాడు పదకొండుంబావు. గీత దాటి రోడ్డు మీదే కూలబడింది పిల్ల.

"కాళ్ళు బరువుగా ఉన్నాయి అమ్మమ్మా. ఎవరో నడుం పట్టుకుని వేలాడుతున్నట్టుంది."

"రాత్రి సరిగ్గా తిన్నావా?"

"తిన్నానుగా, నువ్వే పెట్టావు." రుచిత బూటు విప్పి వంచింది. అందులోంచి నీళ్ళు ధారగా పడ్డాయి. వెనకాలే చారెడు ఇసుక.

ఇద్దరూ రోడ్డు కేసి చూశారు. మంచు పడి పైపైన చెమ్మగా ఉంది, అంతే. ఎక్కడా గుంట లేదు, నీళ్ళు లేవు.

తిరిగి వస్తుంటే స్కూటీ కూడా లాగలేక మూలిగింది. రుచిత నిండా యాభై కేజీలుండదు. చిన్న ఎత్తు దగ్గర బండి ఆగిపోతుందేమో అనిపించింది. మెకానిక్కుకి చూపించాలి అనుకుంది రావమ్మ. తనకీ ఒంట్లో అలాగే ఉంది. ఏమీ చేయకుండానే అలుపు. గ్లాసు ఎత్తాలన్నా రెండోసారి ఆలోచించుకోవాల్సిన అలుపు.

జోజమ్మ కొట్టు దగ్గర ఆగారు. జోజమ్మ రావమ్మకి ఎక్కువ చక్కెర వేయదు, రుచితకి తక్కువ వేయదు. మొగుడు మరియదాసు మోపెడ్ మీద పాలు తెచ్చి దించుతున్నాడు.

"ఏంది పాపా, అట్టా వాడిపోయావు?" అన్నాడు రుచితని చూసి. "పోలీసువైతే మమ్మల్ని తరమాలిగా, ఇట్టాగయితే మేమే నిన్ను ఎత్తుకెళ్ళాలి."

రుచిత నవ్వలేదు. రావమ్మ టీ ఊదుకుంటూ, మాటవరసకి అడిగింది.

"జోజమ్మా, మొన్న చప్టా దగ్గర రాయి మీద ఒకామె కూర్చుని ఉంది. నీలం చీర. నన్ను పేరు పెట్టి పిలిచింది. ఎవరంటావు?"

జోజమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఏ రాయి టీచరుగారూ?"

"చప్టా అంచున ఉంటాయే, ఆ రాళ్ళు."

"అయ్యి లేవుగా. పోయినేడు వాగొచ్చినప్పుడు అన్నీ కొట్టుకుపోయినయ్యి. ఒక్కటి కూడా మిగల్లేదు."

రావమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. రోజూ నిలబడే చోటే. అవును... అంచు నున్నగా ఉంటుంది. రాళ్ళు లేవు.

జోజమ్మ గొంతు తగ్గించింది. రుచితకి వినబడకూడదని పొయ్యి వెనక్కి రమ్మంది.

"పోయినేడు అదే వానల్లో, పనికొచ్చిన ఒక మనిషి అవతల చిక్కుబడిపోయింది టీచరుగారూ. ఏ ఊరో తెలవదు. ట్రాక్టరు మీద జనాన్ని దాటిస్తన్నారు. ఆఖరి దాంట్లో చోటు లేదు. 'ఉండమ్మా, ఇప్పుడే వస్తాం' అన్నారంట. అది ఆ రాయి మీద కూర్చుందంట. ఇయ్యతలికి వచ్చాక నీళ్ళు పెరిగినయ్యి. ఎవరూ మళ్ళీ పోలా."

"దొరికిందా?"

"చీర దొరికింది." జోజమ్మ మెడలో సిలువ పట్టుకుంది. "ఏం పిలిచిందన్నారు మిమ్మల్ని?"

"రావమ్మా అని. నా పేరే."

"మీ పేరు దానికెట్టా తెలుసు టీచరుగారూ?" జోజమ్మ ఆవిడ కళ్ళలోకి చూసింది. "పేరు కాదది. రావమ్మా... అంటే, రా అమ్మా అని. రమ్మని పిలిచింది."

ముప్పై రెండేళ్ళు పదాలు విడగొట్టి చూపించిన మనిషి, తన పేరును మాత్రం ఎప్పుడూ విడగొట్టి చూసుకోలేదు.

"మీరేమన్నారు?" అడిగింది జోజమ్మ.

రావమ్మ పొయ్యి మీదుగా రుచిత కేసి చూసింది. టీ చల్లారిపోయింది.

*

ఆ రోజు నుంచి వాగు వైపు వెళ్ళడం మానేశారు. క్రికెట్టు గోల ఉంటే ఉందని కాలేజీ గ్రౌండుకి మారారు. రుచిత కారణం అడిగితే, "మంచులో లారీలు కనబడవు, వద్దు" అంది రావమ్మ.

గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. మొదటి రౌండు బాగానే ఉండేది. రెండో రౌండులో పిల్ల వెనక్కి తిరిగి చూసేది. మూడో రౌండుకి మొహం పాలిపోయేది.

"వెనక్కి చూడకు! చూస్తే రెండు సెకన్లు పోతాయి" అని అరిచేది రావమ్మ.

ఒకరోజు నాలుగో రౌండు మధ్యలోనే ఆపేసి, గట్టు మీద అమ్మమ్మ పక్కన కూర్చుంది. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది.

"అమ్మమ్మా, నవ్వనంటే ఒకటి చెప్తా."

"చెప్పు."

"నా వెనక ఎవరో పరుగెడుతున్నారు. నేను ఆగితే ఆగుతున్నారు. చప్పుడు ఉండదు. ఊపిరి ఒక్కటే... ఆయాసం. అది నా ఆయాసం కాదు. నేను ఊపిరి బిగబట్టి చూశా. అయినా వినబడుతోంది."

రావమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది. టీషర్టు వెనక నడుం దగ్గర తడిగా ఉంది. చెమట అనుకుందాం అనుకుంది. కానీ చల్లగా ఉంది. రెండు అరచేతుల ఆకారంలో ఉంది.

"పాపం, చాలా అలిసిపోయినట్టుంది అమ్మమ్మా, ఎవరో గానీ" అంది రుచిత. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో భయం లేదు. జాలి ఉంది. అది విని రావమ్మకి ఎక్కువ భయమేసింది.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుంది.

*

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు తెల్లవారుజామున రావమ్మకి మెలకువ వచ్చేసరికి పక్కమంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. వీధి తలుపు తీసి ఉంది. బూట్లు లేవు. స్కూటీ ఉంది.

ఫోను చేస్తే ఇంట్లోనే మోగింది, దిండు కింద.

ఎక్కడికని ఆలోచించాల్సిన పని లేదు. చీర మీదే స్వెట్టరు తగిలించుకుని, మేకుకి వేలాడుతున్న ఈల మెళ్ళో వేసుకుని స్కూటీ తీసింది. ఊరు ఇంకా లేవలేదు. బస్టాండు దగ్గర ఒక్క హోటలు మాత్రం షట్టరు సగం ఎత్తి ఉంది. ఊరు దాటగానే మంచు. కళ్ళజోడు చెమ్మగిల్లింది. తీసి ఒళ్ళో పడేసింది. జోజమ్మ కొట్టు మూసి ఉంది. మామిడితోట గేటు. ఒకటీ పాయింటు ఆరు.

ఆ వాసన... మూత తీయని బావి.

చప్టా దగ్గర బండి ఆపింది. లైటు వెలుగులో సిమెంటు మీద తడి అడుగులు. బూట్లవి. వాటి పక్కనే ఇంకో జత. చెప్పుల్లేని పాదాలు. రెండు జతలూ పక్కపక్కనే, కబుర్లు చెప్పుకుంటూ నడిచినట్టు... అంచుదాకా వెళ్ళాయి.

అక్కడ ఆగలేదు.

రుచిత వాగులో ఉంది. మోకాళ్ళ లోతు. తొడల లోతు. నెమ్మదిగా, అలిసిపోయిన మనిషి ఇంటికి వెళ్ళే నడక. ముందు ఎవరూ లేరు. కానీ చెయ్యి మాత్రం ముందుకి చాపి ఉంది, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు.

"రుచితా!"

వినలేదు.

రావమ్మ ఈల ఊదింది. మూడుసార్లు. పొడుగ్గా.

ఏడేళ్ళప్పుడు సెలవుల్లో అమ్మమ్మ బళ్ళో ఆడుకున్నప్పటి నుంచి ఆ ఈలకి ఆగడం ఆ పిల్లకి అలవాటు. ఆగింది. కానీ తిరగలేదు.

రావమ్మ నీళ్ళలోకి దిగింది. చలి ఎముకలో గుచ్చుకుంది. మోకాళ్ళు "వద్దు" అన్నాయి. ఎలాగో వెళ్ళి మనవరాలి రెండో చెయ్యి పట్టుకుంది. లాగింది. రాలేదు. అవతలి వైపు పట్టు గట్టిగా ఉంది.

"రావమ్మా..."

ఈసారి చాలా దగ్గరగా. చెవి పక్కనే. కోపం లేదు ఆ గొంతులో. రోజంతా నిలబడి పనిచేసిన మనిషి గొంతు.

"వస్తామన్నావు. ఇద్దరూ వస్తామన్నావు."

రావమ్మ కళ్ళు మూసుకుంది. బోర్డు దగ్గర నిలబడి, తప్పు రాసిన పిల్లకి చెప్పినట్టు, తనకి తను చెప్పుకున్నట్టు, ఒక్కొక్క మాటే చెప్పింది.

"అమ్మా. నేనో తప్పు మాట్లాడాను. వస్తాం అన్నాను. అది బహువచనం. ఇద్దరికీ పట్టే మాట. కానీ ఈ పిల్ల ఆ మాట అనలేదు. దాని నోటితో అది చెప్పాల్సిన మాట నేను చెప్పకూడదు. తప్పు నాది. దిద్దుకుంటున్నా. విను."

తూముల్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"వస్తాను. నేను. ఒక్కదాన్నే."

అవతలి పట్టు సడల్లేదు.

"ఎప్పుడు?"

"ఇది ఉద్యోగంలో చేరాక."

"అందరూ అట్టాగే అంటారు."

"నేను టీచర్ని. అన్న మాట తప్పితే పిల్లలకేం చెప్తాను?"

నీళ్ళ మీద నిట్టూర్పులాంటిది ఒకటి.

"పిలుస్తా. పిలిస్తే పలకాలి."

"పలుకుతా."

చేతిలో బరువు ఒక్కసారిగా వదిలేసింది. రుచిత వెనక్కి, అమ్మమ్మ మీదికి పడింది. నీళ్ళు మళ్ళీ గొణగడం మొదలుపెట్టాయి.

"అమ్మమ్మా? ఇదేంటి... నేను గీత దాకా పరుగెడుతున్నా కదా. గీత రాలేదేంటి?"

"వచ్చేసిందమ్మా. దాటేశావు. పద ఇంటికి."

*

పరీక్షలో రుచిత పది నిమిషాల పంతొమ్మిది సెకన్లలో పరుగెత్తింది. ఎరువుల కొట్లో వాళ్ళ నాన్న లడ్డూలు పంచాడు.

రావమ్మ ఆనాటి నుంచి మాట మార్చుకుంది. ఎవరింటి నుంచి బయల్దేరినా "వెళ్తున్నా" అంటుంది. "అదేం మాట టీచరుగారూ, వస్తానని అనండి" అని జనం నొచ్చుకుంటారు. "వెళ్తున్నా" అని మళ్ళీ నొక్కి చెప్పి మెట్లు దిగుతుంది.

రాత్రిళ్ళు మాత్రం, గదిలో ఒంటరిగా, జవాబు అభ్యాసం చేస్తుంది. వస్తాను. వస్తాను. వస్తాను. పిలుపు వచ్చినప్పుడు నోరు జారకూడదు. ఒకే ఒక్క అక్షరం తేడా. భయం పోయింది. అలుపు మాత్రం పోలేదు. పిలిస్తే వెళ్ళి కాస్త కూర్చోవచ్చు అన్నంత అలుపు.

జూన్‌లో ట్రైనింగుకి పిలుపొచ్చింది. విజయవాడ బస్సెక్కాలి. మధ్యాహ్నం ఎండలో బస్టాండు పెనంలా కాలుతోంది. అమ్మానాన్నలు ముందు రోజే విజయవాడ వెళ్ళి బస చూసి పెట్టారు. రుచితకి తెల్ల చుడీదారు, కొత్త పసుప్పచ్చ చున్నీ. ఒక ట్రంకు పెట్టె, రెండు సంచులు, ఆవకాయ సీసా.

"సీసా నిలువుగా పట్టుకోవే, నూనె కారుతుంది."

"పోలీసు ట్రైనింగుకి ఆవకాయేంటి అమ్మమ్మా, నవ్వుతారు."

"వాళ్ళకీ పెట్టు. నవ్వడం మానేస్తారు."

బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. రుచిత సంచీతో ఎక్కి కిటికీలోంచి చేతులు చాపింది. రావమ్మ రెండో సంచీ అందించబోతోంది. సీసా జారుతోంది. ట్రంకు పెట్టె ఇంకా కిందే ఉంది. డ్రైవరు హారను మోగిస్తున్నాడు.

"రావమ్మా! రావమ్మా!"

బస్సు మెట్ల దగ్గర నుంచి పిలుపు.

"ఆఁ, వస్తాం వస్తాం, ఒక్క నిమిషం ఉండవయ్యా! పెట్టె ఎక్కించాలి" అని కసిరింది రావమ్మ.

రుచిత కిటికీలోంచి వింతగా చూసింది.

"ఎవరికి చెప్తున్నావు అమ్మమ్మా?"

"కండక్టరుకి. తొందరపెడుతున్నాడు చూడు."

"కండక్టరు ఇదుగో, నా వెనక సీట్లో టికెట్లు కొడుతున్నాడుగా."

రావమ్మ మెట్ల కేసి చూసింది. ఎవరూ లేరు. ఇనుప మెట్టు మీద, ఆ ఎండలో, తడి పాదం గుర్తు ఒకటి. పైకి ఎక్కుతున్నది. చూస్తుండగానే ఆరిపోయింది.

ఎవరో పుణ్యాత్ముడు పెట్టె లోపలికి తోశాడు. బస్సు కదిలింది.

"ఆగండి! రుచితా, దిగు! దిగవే!"

ఇంజను మోతలో ఏం వినబడుతుంది. పిల్ల చెయ్యి ఊపుతోంది. నవ్వుతోంది. కిటికీలోంచి పసుప్పచ్చ చున్నీ గాలికి ఎగురుతోంది. "వెళ్ళొస్తా అమ్మమ్మా!" అంది. ఈల కోసం మెళ్ళో తడుముకుంది రావమ్మ. ఇంట్లో మేకుకి ఉంది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. సంచుల అడుగున పెట్టుకుని ఉంటుంది. అంతే అయ్యుంటుంది. కూతురికి చేసి, "అది దిగగానే నాకు చేయమను" అని మాత్రం చెప్పగలిగింది. ఇంకేం చెబుతుంది? ఒక అక్షరం తప్పు పలికానని చెబుతుందా?

స్కూటీ ఎక్కింది. రెండుసార్లు తొక్కితే గానీ స్టార్టు కాలేదు. కదిలించగానే తెలిసింది. బండి బరువుగా ఉంది.

పోనీలే, అనుకుంది. నన్ను తీసుకుపోవడానికే వచ్చింది. నా మాట నిలబడింది. బస్సెక్కలేదు, నా వెనకే కూర్చుంది. ఆ ఆలోచనతో ఎన్నో నెలల తర్వాత గుండె నిండా గాలి పీల్చుకుంది. వాగు వైపు బండి తిప్పింది.

ఊరి చివర ఎదురుగా మరియదాసు మోపెడ్ మీద ఖాళీ పాలక్యాన్లతో వస్తున్నాడు. దగ్గరికొచ్చి వేగం తగ్గించాడు.

"టీచరుగారూ, జాగర్త! పాపని ఆ పసుప్పచ్చ చున్నీ ఎత్తి పట్టుకోమనండి, చక్రంలో పడుద్ది!"

అని, ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూసి నవ్వాడు.

"ఏంది పాపా, ఈ ఎండలో అట్టా తడిసిపోయావు?"

మోపెడ్ దాటిపోయింది.

అద్దంలోకి చూడాలి. తల కొంచెం ఎత్తితే చాలు. రావమ్మకి ఆ ఓపిక కూడా లేకపోయింది.